స్క్రూజ్ ఎవరికి బాకీ పడ్డాడు?

ఆఫీసులో క్రిస్మస్ కేకుకు తలా రెండొందలు వేసుకుందామని కవరు తిప్పుతారు. కవరు దగ్గరికి వచ్చేసరికి ఒకాయన ఫోన్ చెవికి పెట్టుకుని బయటికి నడుస్తాడు. "స్క్రూజ్ గారు వెళ్ళారు" అని ఎవరో అంటారు, అందరూ నవ్వుతారు. నవ్వినవాళ్ళలో చాలామందికి ఆ పేరు ఎక్కడిదో తెలియదు, పిసినారి అని మాత్రం తెలుసు. అలాంటివాళ్ళకి మనం ఇంతకంటే ఘాటైన పేరే పెట్టుకున్నాం: ఎంగిలి చేత్తో కాకిని తోలనివాడు.

చార్లెస్ డికెన్స్ 1843లో రాసిన 'ఎ క్రిస్మస్ కేరల్' కథలో ముసలి వ్యాపారి పేరు ఎబెనీజర్ స్క్రూజ్. పిసినారికి దెయ్యాలు కనపడ్డాయి, మారిపోయాడు, పేదింటికి టర్కీ కోడి పంపాడు. అందరికీ తెలిసిన కథ ఇంతే. అయినా ఏటా డిసెంబర్‌లో దీని మీద అవే తగాదాలు లేస్తాయి. చావు భయంతో మారినవాడు నిజంగా మారినట్టేనా? తన డబ్బు తాను దాచుకుంటే తప్పేంటి? ఒక డబ్బున్నవాడి మనసు కరిగితే పేదరికం పోతుందా?

దానాన్ని, జీతాన్ని, బంధుత్వాన్ని ఒకే గంపలో వేసి మాట్లాడటం వల్లే ఈ తగాదాలు తెగడం లేదని నా అనుమానం. కథలో అవి మూడూ వేర్వేరుగానే ఉన్నాయి. వాటిని కలిపే దారం ఒకటి ఉంది. అది బాకీ. అప్పులిచ్చి బతికే మనిషి ఒక్క రాత్రిలో తానే బాకీదారుణ్ణని తెలుసుకోవడం ఈ కథ.

## కథ ఎలా సాగుతుందంటే

క్రిస్మస్ ముందు రోజు సాయంత్రం. లండన్‌లో చలి, పొగమంచు. 'స్క్రూజ్ అండ్ మార్లీ' అన్న బోర్డు ఉన్న ఆఫీసు. మార్లీ పోయి సరిగ్గా ఏడేళ్ళు, బోర్డు మీద పేరు మాత్రం అలాగే ఉంది. లోపల చిన్న కొట్టులాంటి గదిలో గుమాస్తా బాబ్ క్రాచిట్ ఉత్తరాలు నకలు రాస్తుంటాడు. బొగ్గుల పెట్టె యజమాని గదిలో ఉంటుంది. గుమాస్తా పొయ్యిలో ఒకే ఒక్క బొగ్గు ఉన్నట్టు కనపడుతుంది. ఇంకో బొగ్గు కోసం వెళ్తే ఉద్యోగం ఊడుతుంది. అందుకని అతను మెడకు తెల్ల మఫ్లర్ చుట్టుకుని, కొవ్వొత్తి దగ్గర చేతులు కాచుకుంటాడు. ఈ బొగ్గు సంగతి గుర్తుంచుకోండి.

ఆ రాత్రి మార్లీ దెయ్యం వస్తుంది. ముగ్గురు ఆత్మలు వస్తారని చెప్పి వెళ్తుంది. గడిచిన క్రిస్మస్‌లను చూపించే ఆత్మ, ఇప్పటి క్రిస్మస్‌ను చూపించే ఆత్మ, రాబోయేదాన్ని చూపించే ఆత్మ. మూడు రాత్రులు పడుతుందని మార్లీ చెప్పినా, స్క్రూజ్ నిద్ర లేచేసరికి క్రిస్మస్ పొద్దునే అయి ఉంటుంది. అంతా ఒక్క రాత్రిలోనే జరిగిపోయింది.

'కేరల్' అంటే క్రిస్మస్ పాట. కథకు పాట పేరు పెట్టాడు కాబట్టి డికెన్స్ అధ్యాయాలను కూడా అధ్యాయాలు అనలేదు, ఐదు చరణాలు అన్నాడు.

మార్లీ వేషం మన దగ్గర బడి నాటకాల్లో చూసినవాళ్ళకి తెలుస్తుంది: తెల్ల దుప్పటి, నడుముకి సైకిల్ చైను. కథలో ఆ గొలుసుకు తగిలించినవి వేరు. డబ్బు పెట్టెలు, తాళాలు, తాళం చెవులు, చిట్టా ఆవర్జాలు, దస్తావేజులు, బరువైన ఉక్కు సంచులు. బతికుండగా ఒక్కో లంకె తానే చేసుకున్నానంటాడు మార్లీ. నువ్వు వ్యాపారంలో గట్టివాడివి కదా అని స్క్రూజ్ ఓదార్చబోతే, మనుషుల బాగే నా వ్యాపారం అయి ఉండాల్సిందని గోలపెడతాడు. అదే సాయంత్రం స్క్రూజ్, ఎవరి వ్యాపారం వాళ్ళు చూసుకుంటే చాలని ఇద్దరు పెద్దమనుషులకు చెప్పి పంపాడు. ఆ మాటకు జవాబు ఇలా సమాధిలోంచి వచ్చింది.

## 'హంబగ్' అన్న మాటకు అసలు అర్థం

స్క్రూజ్ ఊతపదం 'బా, హంబగ్'. ఇప్పుడు దాన్ని 'చిరాకు' అన్న అర్థంలో వాడేస్తున్నారు. ఆ రోజుల్లో హంబగ్ అంటే బూటకం, మోసం. క్రిస్మస్ అంటే ఆయనకు చిరాకు ఉన్నమాట నిజమే గానీ, ఆయన చేసే ఆరోపణ వేరు. ఈ సంతోషమంతా ఒట్టి నాటకం అంటున్నాడు.

ఆ ఆరోపణకు కారణం కూడా చెబుతాడు. చేతిలో డబ్బు లేకుండా బిల్లులు కట్టే రోజు ఇది, వయసు ఏడాది పెరిగినా ఆస్తి గంటసేపంత కూడా పెరగని రోజు, పద్దులు సరిచూసుకుంటే పన్నెండు నెలలూ నష్టమే తేలే రోజు అంటాడు. పండగకు అప్పు చేసి బట్టలు కొన్న ఏ ఇంట్లోనైనా ఈ మాట కొంచెం గుచ్చుకుంటుంది. డికెన్స్ స్క్రూజ్‌ను తెలివితక్కువవాడిగా చూపించలేదు. లెక్క తెలిసినవాడే. ఆ లెక్కలో ఏ పద్దులు రాయడం మర్చిపోయాడన్నదే అసలు ప్రశ్న.

## వర్క్‌హౌస్, 'మిగులు జనాభా'

ఆ ఇద్దరు పెద్దమనుషులు పేదల కోసం చందా అడగడానికి వచ్చారు. స్క్రూజ్ ఎదురు ప్రశ్న వేస్తాడు: జైళ్ళు లేవా, వర్క్‌హౌస్‌లు లేవా? వాటికి నా వంతు కడుతూనే ఉన్నాను, అవసరమున్నవాళ్ళు అక్కడికే పోవాలి అంటాడు. చాలామంది అక్కడికి వెళ్ళే బదులు చావడానికైనా సిద్ధపడతారని వాళ్ళు చెబితే, అలాగైతే చచ్చి మిగులు జనాభాను తగ్గించమంటాడు.

ఇది ఒక దుర్మార్గుడి నోటికొచ్చిన మాటలా వినపడుతుంది. నిజానికి ఆ కాలపు చట్టంలోనూ చదువుకున్నవాళ్ళ చర్చల్లోనూ ఉన్న మాటే.

ఇంగ్లండ్‌లో 1834లో పేదల చట్టాన్ని మార్చారు. అంతకుముందు స్థానికంగా పన్ను వసూలు చేసి, ఇంటి దగ్గరున్న పేదలకు కొంత సాయం ఇచ్చేవారు. కొత్త చట్టం వచ్చాక, ఒంట్లో సత్తువ ఉన్నవాడికి సాయం కావాలంటే వర్క్‌హౌస్ అనే చోట చేరాలన్న పద్ధతి తెచ్చారు. లోపల మొగవాళ్ళు ఒక వైపు, ఆడవాళ్ళు ఒక వైపు, పిల్లలు ఇంకో వైపు. కుటుంబం కుటుంబంగా ఉండే వీల్లేదు. బయట అందరికంటే తక్కువ కూలికి పనిచేసేవాడి బతుకు కంటే లోపలి బతుకు హీనంగా ఉండాలన్నది సూత్రం. లేకపోతే సోమరులు ఎగబడతారని భయం.

'మిగులు జనాభా' మాట వెనక ఆర్థికవేత్త థామస్ మాల్థస్ నీడ ఉంది. తిండి పెరిగే వేగం కంటే మనుషులు పెరిగే వేగం ఎక్కువని ఆయన 1798లో రాశాడు. చేతికొద్దీ సాయం చేస్తే పేదలు ఇంకా పెరుగుతారు, చివరికి కష్టమే ఎక్కువవుతుందని ఆ ఆలోచన నడుస్తుంది.

పన్ను కట్టాను, నా బాధ్యత తీరింది. స్క్రూజ్ వాదన సారం ఇదే, ఇవాళ్టికీ చాలామంది నోట వినపడుతుంది. కథలో దీనికి లెక్కలతో జవాబు లేదు. రెండో ఆత్మ క్రాచిట్ల ఇంట్లో చంకకర్ర పట్టుకున్న చిన్న టిమ్‌ను చూపిస్తుంది. వీడు బతుకుతాడా అని స్క్రూజ్ అడుగుతాడు. పరిస్థితి ఇలాగే ఉంటే బతకడని చెప్పి, 'మిగులు జనాభా' మాటను ఆయనకే అప్పజెబుతుంది. మాట అదే, ఒక్క అక్షరం మారలేదు. ఇప్పుడు దానికి ముఖం ఉంది.

## వారానికి 15 షిల్లింగులు: ఒక లెక్క

బాబ్ జీతం కథలోనే ఉంది, వారానికి 15 షిల్లింగులు. అప్పట్లో పౌండుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు. ఏడాదికి 780 షిల్లింగులు, అంటే 39 పౌండ్లు.

ఇంట్లో భార్యాభర్తలు, ఆరుగురు పిల్లలు, మొత్తం 8 మంది. పెద్దమ్మాయి మార్తా టోపీలు కుట్టే చోట పని నేర్చుకుంటోంది, ఆమెకు ఎంత వస్తుందో చెప్పలేదు కాబట్టి పక్కన పెడదాం. 15 షిల్లింగులంటే 180 పెన్నీలు. తలకు వారానికి ఇరవై రెండున్నర, రోజుకు 3 పెన్నీల పైచిలుకు. అద్దె, బొగ్గు, కొవ్వొత్తులు, బట్టలు, మందు, తిండి, అన్నీ అందులోనే. పెద్ద కొడుకు పీటర్‌కు వారానికి ఐదున్నర షిల్లింగుల ఉద్యోగం వచ్చేలా ఉందని బాబ్ భోజనాల దగ్గర చెబితే, ఇల్లంతా పండగ చేసుకోవడానికి కారణం ఈ లెక్క.

డికెన్స్ అంకెలు ఊరికే వేయలేదు. రేపు సెలవు కావాలా అని విసుక్కుంటూ స్క్రూజ్, దానికి అర క్రౌను కోస్తే నీకు అన్యాయం జరిగిందనుకుంటావు కదా అంటాడు. అర క్రౌను అంటే రెండున్నర షిల్లింగులు. 15ని ఆరు పనిదినాలకు పంచితే వచ్చేది సరిగ్గా అదే.

ఇంకో సంగతి చెప్పకపోతే లెక్క ఏకపక్షంగా ఉంటుంది. క్రాచిట్లు ఆ కాలపు అట్టడుగు పేదలు కాదు. పల్లెల్లో వ్యవసాయ కూలీకి ఇంతకంటే తక్కువ వచ్చేది. బాబ్‌కు ఆఫీసు ఉద్యోగం ఉంది, ఇంటికి నాలుగు గదులు ఉన్నాయి, పండగకు బాతు వండుకోగలిగారు. ఒక్క జబ్బు, ఒక్క నెల పని లేకపోవడం చాలు జారిపోవడానికి. మన దగ్గర ప్రైవేటు బడిలో టీచరు ఉద్యోగం చేసేవాళ్ళకి ఈ అంచు బాగా తెలుసు.

ఇక అసలు విడ్డూరం. ఈ పుస్తకం వెల 5 షిల్లింగులు. తన కథ తాను కొనుక్కుని చదవాలంటే బాబ్ వారం జీతంలో మూడో వంతు పోయాలి. పదేళ్ళ తర్వాత, 1853 డిసెంబర్‌లో, బర్మింగ్‌హామ్ టౌన్ హాల్లో డికెన్స్ ఈ కథను జనానికి చదివి వినిపించినప్పుడు, ఒక రాత్రి కార్మికుల కోసమే ఉండాలని పట్టుబట్టాడు. ఆ రోజు టికెట్టు 6 పెన్నీలు.

## బాతు రోజు

కథలో అందరికీ గుర్తుండిపోయేది క్రాచిట్ల భోజనం. బతుకు ఇరుకైనదని చెప్పడానికి డికెన్స్ ఎక్కడా ఏడిపించడు, సామాన్లు చూపిస్తాడు. శ్రీమతి క్రాచిట్ గౌను పాతది, రెండుసార్లు తిరగేసి కుట్టినది. చవక రిబ్బన్లతో దాన్ని కొత్తగా చేసుకుంది. ఇంట్లో ఓవెన్ లేదు కాబట్టి బాతును బేకరీలో కాల్పించి తెస్తారు. బాతు ఒక్కటే ఇంతమందికి చాలదు, ఆపిల్ సాసు, మెత్తగా చేసిన బంగాళదుంపలు కలుపుకుని సరిపెట్టుకుంటారు. చివరికి పళ్ళెంలో చిన్న ఎముక ముక్క మిగిలితే, అంతా తినలేకపోయాం సుమా అని ఆ తల్లి సంతోషపడుతుంది.

పుడ్డింగ్ తేవడానికి లేచినప్పుడు ఆమె టెన్షన్ చూడాలి. ఉడికిందో లేదో, తీసేటప్పుడు విరిగితే? మనం బాతు తింటుండగా ఎవరైనా పెరటి గోడ దూకి ఎత్తుకుపోయి ఉంటే? వచ్చాక, ఇంతమందికి ఇది చిన్నదని ఒక్కరూ అనరు. అనడమే తప్పు ఆ ఇంట్లో. తాగడానికి ఉన్నవి రెండు గాజు గ్లాసులు, పిడి విరిగిన కప్పు ఒకటి. అందులోనే బాబ్ తన యజమాని పేరు చెప్పి అందరినీ తాగమంటాడు, ఈ విందు ఆయన చలవేనని.

భార్యకు ఒళ్ళు మండుతుంది. ఆయనే ఇక్కడుంటే నాలుగు దులిపేదాన్నంటుంది. "పండగ రోజు, పిల్లలున్నారు" అని భర్త మెల్లగా అంటే, నీ కోసం, పండగ కోసం తాగుతా, ఆయన కోసం కాదు అని తాగుతుంది. ఐదు నిమిషాలు ఇల్లంతా మబ్బు కమ్మినట్టు అవుతుంది.

దాతృత్వం గురించి ఈ కథలో ఉన్న లోతైన మాట నా లెక్కలో ఇక్కడే ఉంది. స్క్రూజ్ ఎవరికీ ఏమీ ఇవ్వకముందే బాబ్ ఆయన ఆరోగ్యం కోరుకున్నాడు. మేనల్లుడు ఫ్రెడ్ ఏటా వచ్చి భోజనానికి పిలుస్తూనే ఉన్నాడు. ఇచ్చేవాడు స్క్రూజ్, పుచ్చుకునేవాళ్ళు పేదలు అన్న లెక్క తలకిందులైంది. అప్పటికే ఆయన ఖాతాలో ఇతరులు వేస్తూ వచ్చిన జమ చాలా ఉంది.

## రాసినాయన ఇంటి బాకీలు

డికెన్స్‌కు బాకీ అన్న మాట పుస్తకాల్లో దొరికింది కాదు. 1824లో, ఆయనకు పన్నెండేళ్ళప్పుడు, తండ్రి జాన్ డికెన్స్‌ను మార్షల్‌సీ అనే బాకీదారుల జైల్లో పెట్టారు. ఆ రోజుల్లో అప్పు తీర్చలేకపోతే జైలే. తల్లీ, చిన్న పిల్లలూ జైల్లోనే తండ్రి దగ్గర ఉన్నారు. చార్లెస్ బడి మానేసి బూటు పాలిష్ ఫ్యాక్టరీలో సీసాలకు చీటీలు అంటించాడు, వారానికి ఆరేడు షిల్లింగుల కూలి. క్రాచిట్ల ఇల్లున్న క్యామ్‌డెన్ టౌన్‌లోనే అంతకుముందు వాళ్ళ కుటుంబం కాపురం ఉంది.

1843 మొదట్లో కార్ఖానాల్లో పనిచేసే పిల్లల గురించి ప్రభుత్వ విచారణ నివేదిక వచ్చింది. అది చదివి, పేదవాడి బిడ్డ తరఫున ఒక కరపత్రం రాయాలనుకున్నాడు. తర్వాత ఆ ఆలోచన మార్చుకుని, ఏడాది చివర్లో ఇంతకు ఇరవై వేల రెట్లు గట్టిగా తగిలే దెబ్బ కొడతానని ఒక మిత్రుడికి రాశాడు. అక్టోబర్‌లో మొదలుపెట్టి దాదాపు ఆరు వారాల్లో కథ ముగించాడు. డిసెంబర్ 19న పుస్తకం వచ్చింది. 6,000 కాపీలు పండగ నాటికి అయిపోయాయి.

అప్పుడు ఆయనకూ డబ్బు ఇబ్బందే. ఐదో బిడ్డ పుట్టబోతోంది, అంతకుముందు నవల అనుకున్నంత పోలేదు. వెయ్యి పౌండ్లు వస్తాయనుకున్న పుస్తకానికి మొదటి ముద్రణ మీద 230 పౌండ్లే మిగిలాయి. రంగు బొమ్మలు, బంగారు అంచులు లాభాన్ని తినేశాయి. దొంగ ముద్రణ వేసినవాళ్ళ మీద కేసు గెలిచాడు, వాళ్ళు దివాలా తీయడంతో కోర్టు ఖర్చులు ఆయన నెత్తినే పడ్డాయి.

కుటుంబం గొప్పదనం చెప్పిన ఈ రచయిత 1858లో పదిమంది పిల్లలను కన్న భార్యతో విడిపోయాడు. ఆ విడిపోవడంలో ఆమె పట్ల ఉదారంగా ప్రవర్తించలేదు కూడా. కొడుకుల్లో వాల్టర్ మన దేశంలో సైన్యంలో పనిచేసి, 1863 డిసెంబర్ 31న కలకత్తాలో చనిపోయాడు. పోయేనాటికి అతని పేరున బాకీలున్నాయి. కథను దీంతో కొట్టేయలేం. కథ రాసినంత తేలిక కాదు బతకడం అని మాత్రం తెలుస్తుంది.

## భయంతో మారాడా?

నాటకాల్లో, సినిమాల్లో సమాధి రాయి సీనుకే బరువంతా ఇస్తారు. రాయి మీద తన పేరు చూసి స్క్రూజ్ మోకాళ్ళ మీద పడతాడు, మారతానంటాడు. చావు భయపెట్టింది, దాంతో మంచివాడయ్యాడు అని జనం తేల్చేస్తారు. అమెరికన్ విమర్శకుడు ఎడ్మండ్ విల్సన్ 1941లో ఇంకో అడుగు ముందుకేశాడు. పండగ అయ్యాక ఈ మనిషి మళ్ళీ పాత గుణానికే తిరిగిపోతాడని, రెండు కొసల మధ్య ఊగే స్వభావమని అన్నాడు.

కథ వరస చూస్తే ఇంకోలా ఉంది. మొదటి ఆత్మ చూపించే మొదటి దృశ్యం సెలవులకు అందరూ ఇళ్ళకు పోయాక బడిలో ఒంటరిగా కూర్చున్న పిల్లవాడు. అది తానే. స్క్రూజ్ ఏడుస్తాడు. వెంటనే అంటాడు, నిన్న రాత్రి నా గుమ్మం ముందు పాట పాడిన కుర్రాడికి ఏమైనా ఇచ్చి ఉంటే బాగుండేదని. ఆ కుర్రాణ్ణి గీతల బద్దతో బెదిరించి తరిమాడు మరి. ఇంకొంచెం సేపటికి, పని నేర్చుకున్న రోజుల్లో యజమాని ఫెజీవిగ్ ఇచ్చిన క్రిస్మస్ విందు చూస్తాడు. మహా అయితే మూడు నాలుగు పౌండ్లు ఖర్చయి ఉంటాయి, అంత పొగడ్తా అని ఆత్మ ఎగతాళి చేస్తే స్క్రూజ్ ఆవేశపడతాడు. మా పని తేలిక చేయడం, బరువు చేయడం ఆయన చేతుల్లో ఉంది, ఒక చూపులో, ఒక మాటలో ఉంది, లెక్కకట్టలేని చిన్న చిన్న వాటిల్లో ఉంది అంటాడు. అని ఆగిపోతాడు. నా గుమాస్తాతో ఒక మాట మాట్లాడాలనిపిస్తోందంటాడు.

ఇంకా సమాధి చాలా దూరంలో ఉంది. భయం రాకముందే జ్ఞాపకం పని మొదలుపెట్టింది. సమాధి తేల్చింది వాయిదా సంగతి, ఇక ఆలస్యం చేయడానికి లేదని. భయం పాత్ర లేదని నేననను, ఆ రాయి మీది రాతను తుడిచేసుకునే దారి చెప్పమని ఆయన బతిమాలడం కథలో ఉంది.

మన చర్చిల్లో దీన్నే మారుమనస్సు అంటారు. సెమీ క్రిస్మస్ కూటాల్లో ఈ కథ ఎత్తుకున్నా, లూకా సువార్తలోని జక్కయ్య దగ్గరికి వెళ్ళడం తేలిక. పన్నులు వసూలు చేసే జక్కయ్య మారినప్పుడు ఆస్తిలో సగం బీదలకు ఇస్తానని ఆగలేదు, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగిస్తానన్నాడు. ఇది దేవుడి ఊసు తక్కువున్న కథని అప్పుడప్పుడు ఫిర్యాదు వినపడుతుంది. యేసు పేరు నిజంగానే లేదు. అయితే కుంటివాళ్ళను నడిపించినవాణ్ణి పండగ రోజు జనం గుర్తుచేసుకుంటారని, అందుకే చర్చిలో అందరూ తనను చూడాలనుకున్నానని చిన్న టిమ్ అన్న మాట ఉంది. క్రిస్మస్ పొద్దున చందా పెద్దమనిషి దారిలో ఎదురైతే స్క్రూజ్ చెవిలో ఒక అంకె చెబుతాడు. ఆయన నోరు తెరుస్తాడు. ఇందులో పాత బకాయిలు చాలా కలిసి ఉన్నాయంటాడు స్క్రూజ్. దానం అనలేదు.

## కట్నం లేని పిల్ల, పోయిన చెల్లెలు

కుటుంబం ఈ కథలో అలంకారానికి పెట్టింది కాదు. స్క్రూజ్‌కు పెళ్ళి కుదిరింది, అమ్మాయి పేరు బెల్. ఆమే సంబంధం వదులుకుంటుంది. నీ మనసులో నా స్థానంలో బంగారు విగ్రహం ఒకటి కూర్చుంది, ఇవాళ కొత్తగా చూసుకోవాల్సి వస్తే కట్నం లేని పిల్లను నువ్వు ఎంచుకుంటావా అని అడుగుతుంది. ఆయన దగ్గర గట్టి జవాబు లేదు.

ఏళ్ళ తర్వాత మేనల్లుడు ఫ్రెడ్ డబ్బు లేకపోయినా ప్రేమించి పెళ్ళి చేసుకుంటాడు. మామయ్యకు అతని మీద అంత కోపం ఎందుకో బెల్ దృశ్యం చూశాక అర్థమవుతుంది. తాను చేయలేని పని వీడు చేశాడు. ఫ్రెడ్ ఎవరు? చెల్లెలు ఫ్యాన్ కొడుకు. నాన్న ఇప్పుడు మంచిగా ఉంటున్నాడు, ఇంటికి రా అని బడికి వచ్చి అన్నను తీసుకెళ్ళిన చెల్లెలు ఆమె. ఆమె పోయింది, మిగిలింది ఈ ఒక్క పిల్లవాడు. ఒకప్పుడు ఆమె తనను ఇంటికి పిలిచింది, ఇప్పుడు ఆమె కొడుకు పిలుస్తున్నాడు. చివరికి స్క్రూజ్ వాళ్ళ గుమ్మం దగ్గర డజనుసార్లు అటూ ఇటూ తిరిగి, ధైర్యం తెచ్చుకుని తలుపు తట్టి, భోజనానికి వచ్చాను, రానిస్తావా అని అడుగుతాడు. ఈ బాకీ డబ్బుతో తీరేది కాదు, వెళ్ళి కూర్చుని తినాలి.

## ఒక్కడు మారితే సరిపోతుందా?

కథ వచ్చిన కొత్తలోనే, 1844లో, వెస్ట్‌మిన్‌స్టర్ రివ్యూ అనే పత్రిక ఒక చురక వేసింది. మార్కెట్లో ఉన్న టర్కీ కోళ్ళు ఉన్నన్నే, బాబ్‌కు ఒకటి దక్కిందంటే ఇంకెవరికో దక్కకుండా పోయిందని. వాదన బాగానే ఉంది గానీ, క్రిస్మస్ పొద్దున కూడా ఆ కోడి కొట్టులో అమ్ముడుపోకుండా వేలాడుతోందన్న సంగతి విమర్శకుడు చూసినట్టు లేదు.

2004లో అమెరికన్ ఆర్థికవేత్త స్టీవెన్ లాండ్స్‌బర్గ్ ఏకంగా పిసినారిని సమర్థించాడు. స్క్రూజ్ బొగ్గు తక్కువ కాల్చి, గంజి తాగి బతికితే, ఆ మేరకు బొగ్గు, తిండి ఇతరులకు మిగులుతాయి కదా, అంతకు మించిన దాత ఎవరన్నాడు. తన ఒంటి మీద చేసుకునే పొదుపు వరకు ఈ మాటలో నిజం ఉంది. మనం తేలిగ్గా పిసినారి అనే చాలామంది ముసలివాళ్ళు తమ కోసం ఏమీ కొనుక్కోనివాళ్ళే, ఎవరికీ కీడు చేసినవాళ్ళు కాదు. అయితే స్క్రూజ్ పొదుపు చేసింది బాబ్ గదిలోని బొగ్గును కూడా.

అన్నిటికంటే బరువైన విమర్శ ఆంగ్ల రచయిత జార్జ్ ఆర్వెల్‌ది. మనుషులు మంచిగా ఉంటే లోకం మంచిగా ఉంటుందన్న దగ్గరే డికెన్స్ ఆగిపోతాడని, వ్యవస్థ మారాలని అడగడని ఆయన 1940లో రాశాడు. ఆ పక్కనే, నీతి మీద పెట్టిన ఒత్తిడి రాజకీయ విమర్శకు తీసిపోనంత తిరుగుబాటు కావచ్చునని కూడా ఒప్పుకున్నాడు. ఆయన మాటలు ఎత్తిచూపేవాళ్ళు ఈ రెండో సగాన్ని తరచుగా వదిలేస్తారు.

ఆర్వెల్ వైపు బలం చేకూర్చే ఆధారం కథలోనే ఉంది. రెండో ఆత్మ వెళ్ళిపోయే ముందు అంగీ కింద నుంచి ఇద్దరు పిల్లలు బయటపడతారు. ఎముకలు తేలి, భయంకరంగా ఉంటారు. అబ్బాయి అజ్ఞానం, అమ్మాయి లేమి. ఇద్దరిలోనూ అబ్బాయితో మరీ జాగ్రత్తగా ఉండమంటుంది ఆత్మ. వీళ్ళకు దిక్కెవరూ లేరా అని స్క్రూజ్ అడిగితే, జైళ్ళు లేవా అన్న ఆయన పాత ప్రశ్నే తిరిగి వస్తుంది. ఆ తర్వాత ఆ పిల్లలు కథలో మళ్ళీ కనపడరు. టిమ్‌కు రెండో తండ్రి దొరికాడు, వాళ్ళకు దొరకలేదు. చందా పెద్దమనిషి చెవిలో చెప్పిన అంకె వాళ్ళలో కొందరికి చేరి ఉండొచ్చు. ఇది డికెన్స్ మర్చిపోవడమా, కావాలనే వదిలేయడమా అన్నది పాఠకులు వాదించుకుంటూనే ఉన్నారు. కావాలనే అని నాకనిపిస్తుంది. ఒక స్క్రూజ్ తీర్చగల బాకీ ఎంతవరకో ఆ హద్దు కనపడాలి కదా.

## డిసెంబర్ 26, ఆఫీసులో

క్రిస్మస్ రోజు టర్కీ కోడిని స్క్రూజ్ పేరు చెప్పకుండా పంపాడు. టిమ్‌కు రెండింతలుండే కోడి అది. మొయ్యలేమని బండి కట్టించాడు. అది కానుక, ఒక పూటతో అయిపోతుంది. మర్నాడు జరిగేది వేరు.

ముందు రోజు పండగ కాబట్టి బాబ్ పద్దెనిమిదిన్నర నిమిషాలు ఆలస్యంగా వస్తాడు. పట్టుకోవాలని స్క్రూజ్ ముందే వచ్చి తలుపు తెరిచి కూర్చున్నాడు. పాత గొంతుతో గద్దిస్తాడు. ఇక సహించేది లేదంటూ లేచి, అందుకని నీ జీతం పెంచుతున్నానంటాడు. ముసలాయనకు పిచ్చెక్కిందని బాబ్ బల్ల మీది గీతల బద్ద వైపు చేయి జాపుతాడు, ఒక్కటిచ్చి, పట్టుకుని, ఎవరినైనా పిలుద్దామని. ఎంత పెంచాడో చెప్పలేదు. వారానికి 20 షిల్లింగులు చేశాడనుకున్నా ఏడాదికి 13 పౌండ్లు ఎక్కువ. ఫెజీవిగ్ విందు లాంటివి మూడు చేసేంత. టిమ్ ప్రాణం నిలబడటం ఒక్క పండగ కోడితో అయ్యే పని కాదు, ఇలా వారం వారం వచ్చేదానితోనే.

మీ ఇంటి కష్టం సంగతి ఈ సాయంత్రమే కూర్చుని మాట్లాడుకుందాం అంటాడు స్క్రూజ్. దానికంటే ముందు ఒక పని అప్పజెబుతాడు. పొయ్యిలు రెండూ బాగా రాజెయ్, ఇంకో అక్షరం మీద చుక్క పెట్టేలోపు వెళ్ళి ఇంకో బొగ్గుల బుట్ట కొనుక్కురా, బాబ్ క్రాచిట్!